వెనక ఎడమ మూల సొట్ట

బండికి సొట్టలెన్ని ఉన్నాయో చూడటానికి వచ్చిన మనిషి, వచ్చీ రాగానే కళ్లు మూసుకుంది.

కుడిచేతికి పల్చటి నూలు గ్లవ్ తొడుక్కుని, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, అడుగులో అడుగు వేసుకుంటూ వెనక్కి నడవడం మొదలుపెట్టింది. చెయ్యి ఎత్తలేదు, కళ్లు తెరవలేదు.

చిన్నోడు ఆగలేకపోయాడు. ముప్పయ్యేళ్లు నిండినా ఆ ఇంట్లో వాడు చిన్నోడే. కళ్లద్దాల షాపులో జనం చూపు పరీక్షించే ఉద్యోగం. కళ్లు మూసుకుని పనిచేసేవాళ్లని చూస్తే వాడికి ఊపిరాడదు.

“మేడమ్, సొట్టలు కళ్లకే కనబడతాయండీ. కావాలంటే లైటు తెస్తాను.”

“అక్కర్లేదు. మీరు కాసేపు మాట్లాడకపోతే చాలు.”

“మాట్లాడితే చేతికేం అడ్డం?”

“చేతికి కాదు, నాకు అడ్డం.”

డాష్‌బోర్డు కింద వైర్లలో తల దూర్చిన అక్క కిసుక్కున నవ్వింది. చిన్నోడి చెవులు ఎర్రబడ్డాయి. వాడి చెవుల సంగతి ముందే చెప్పెయ్యాలి. వాడు నోటితో ఏదైనా దాచగలడు గానీ చెవులతో ఏదీ దాచలేడు.

ఆ బండి పాత స్టేషన్ వ్యాగన్. మూడు వరసల సీట్లు. మూడో వరస వెనక్కి తిరిగి ఉంటుంది. అందులో కూర్చుంటే వెళ్లే ఊరు కాదు, వదిలొచ్చిన ఇల్లు కనబడుతుంది. పద్నాలుగేళ్లుగా వాకిలి పక్క షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని పడుకుంది. నాన్న రిటైరైన రెండో వారమే, “ఖాళీగా కూర్చుంటే నాకు పిచ్చెక్కేలా ఉంది, బండి బాగుచేద్దాం” అని అందరికీ పనులు పంచేశాడు. ఇంజిన్ ఆయనది. వైరింగ్ అక్కది, ఆవిడ పక్క వీధిలోనే కాపురం, ఆదివారాలు పుట్టింట్లోనే ఉంటుంది. సీటు కవర్లు అమ్మవి, కుట్టుమిషన్ షెడ్డులోకే వచ్చేసింది. తుప్పు గోకడం చిన్నోడిది. తెలివి అక్కర్లేని పని ఏదైనా వాడిదే.

రేకు పని మాత్రం ఎవరికీ రాదు. అందుకని మేస్త్రిని పిలిచారు. మేస్త్రి అంటే బుర్రమీసాల పెద్దాయన వస్తాడనుకుంటే, సుత్తుల సంచీతో స్కూటర్ మీద ఈ అమ్మాయి దిగింది. వాళ్ల నాన్న భుజం పోయాక షెడ్డు తనే నడుపుతోందట. అందరూ మేస్త్రి అనే పిలుస్తారట, ఆవిడకీ అదే ఇష్టమట.

బండి చుట్టూ ఒక ప్రదక్షిణ పూర్తిచేసి కళ్లు తెరిచింది. “పదిహేడు” అంది. సుద్దముక్కతో ఒక్కో సొట్ట చుట్టూ సున్నా చుట్టడం మొదలుపెట్టింది.

“ఇది బంతి దెబ్బ. ఇది ఎవరో తలుపు తీసి గోడకి కొట్టారు. ఈ బానెట్ మీదది... ఎవరో ఎక్కి కూర్చున్నారు. కాళ్లు ఊపుకుంటూ కూర్చున్నారు.”

అక్క తల బయటికొచ్చింది. “అయ్యబాబోయ్, అది నేనే! కాళ్లు ఊపానని ఎలా తెలిసింది?”

“బంపర్ మీద మడమల గీతలున్నాయి.”

ఇంకేముంది, అందరికీ ఆటైపోయింది. ఇదెవరు, అదెవరు అని ఒకటే గోల. చివరికి మేస్త్రి బండి వెనక ఎడమ మూలకి వచ్చింది. అక్కడ పళ్లెమంత సొట్ట ఉంది. చెయ్యి ఆనించి చాలాసేపు ఉండిపోయింది.

నాన్న గొంతు సవరించుకున్నాడు. ఆయనకి అది ఇష్టమైన కథ. “దాని గురించి చెయ్యి అడగక్కర్లేదు, నేను చెప్తాను. మా ఆవిడ కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్న రోజులు. వాలు మీద బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వెయ్యడం మర్చిపోయి, ఇంటికి తాళం వెయ్యడానికి వెళ్లింది. బండి తనంతట తనే వెళ్లి పక్కింటివాళ్ల గేటు స్తంభాన్ని పలకరించొచ్చింది. అంతే, ఆ రోజుతో మా ఆవిడ డ్రైవింగ్ సమాప్తం.”

మిషన్ చప్పుడు ఆగింది. “మర్చిపోయాను. ఏం చేస్తాం” అంది అమ్మ, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

మేస్త్రి సొట్ట వైపు చూసింది. ముందు సీటు దగ్గరున్న హ్యాండ్‌బ్రేక్ వైపు చూసింది. తర్వాత, ఎందుకో, చిన్నోడి చెవుల వైపు చూసింది. ఆ సొట్ట చుట్టూ మాత్రం సున్నా చుట్టలేదు.

ఆదివారం ఆదివారం మేస్త్రి వచ్చేది. రేకు వెనక ఇనపదిమ్మ పట్టుకోవడానికి ఒక మనిషి కావాలంటే, పనికిమాలిన పనుల అధికారి కాబట్టి చిన్నోణ్ణి ఇచ్చారు. బండికి అటు వాడు, ఇటు ఆమె. మధ్యలో రేకు. ఆమె సుత్తితో చిన్నగా తడుతుంటే ఆ దెబ్బ వాడి అరచేతిలోకి వచ్చేది.

“కొంచెం పైకి. ఇంకా పైకి. అది పైకా? మీ షాపులో పై ఎటు ఉంటుంది?”

“మా షాపులో జనం నేను చెప్పినట్టు వింటారండీ.”

“అద్దాలు మీ చేతిలో ఉంటాయి కాబట్టి వింటారు. ఇక్కడ సుత్తి నా చేతిలో ఉంది.”

వాడు షాపులో నవ్వుకోవడం మొదలుపెట్టాడు. చిన్న అక్షరాల వరస చదవమని ఒక పెద్దావిడని కూర్చోబెట్టి, తనే ఆ వరస మర్చిపోయాడు. వాడికి ఆ అమ్మాయంటే ఇష్టం. ఆ సంగతి అక్కకి రెండో ఆదివారమే తెలిసిపోయింది, చెవులున్నాయి కదా. మేస్త్రికి తెలుసో లేదో తెలియక వాడు నలిగిపోతున్నాడు.

ఐదో ఆదివారం నాటికి పదహారు సొట్టలు పోయాయి. రంగు వేసే ఆయన మరుసటి వారం సోమవారం వస్తానన్నాడు. ఆ ఆదివారం నాన్న, అక్క ఏదో పైపు కోసం బయటికెళ్లారు. అమ్మ దారాల కోసం బజారుకి బయల్దేరింది. షెడ్డు తలుపులోంచి వీధి వాకిలి కనబడుతుంది. ఇంట్లో ఎవరూ లేరని అమ్మ తాళం వేసింది. లాగి చూసింది. మళ్లీ లాగింది. నాలుగుసార్లు లాగి, వీధి చివరిదాకా వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ లాగి వెళ్లింది.

అంతలో వాన దంచి కొట్టడం మొదలైంది. రేకుల కప్పు మీద ఒకటే మోత. సుత్తి చప్పుడు కూడా వినబడట్లేదని మేస్త్రి పని ఆపేసి, బండి వెనక తలుపు దించి దాని మీద కూర్చుంది. పక్కన చోటుంది. చిన్నోడు రెండు నిమిషాలు ఆలోచించి అక్కడే కూర్చున్నాడు.

“ఇంకొక్కటే కదా మిగిలింది” అన్నాడు. తర్వాత రాదేమోనని వాడి బాధ.

“అది తియ్యను.”

“అదేంటి?”

“హ్యాండ్‌బ్రేక్ లేకుండా వాలు మీద వదిలేసిన బండి నేరుగా జారుతుంది. నేరుగా జారితే వెనక బంపర్ మొత్తం తగలాలి. ఇక్కడ ఎడమ మూల ఒక్కటే, అదీ పక్కవాటుగా తగిలింది. అంటే జారుతున్నప్పుడు స్టీరింగ్ తిరిగింది. ఖాళీ బండిలో స్టీరింగ్ అంతలా తిరగదు. బండిలో ఎవరున్నారు?”

చిన్నోడు వాన వైపు చూశాడు. ఇరవై నాలుగేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అది.

“నేను” అన్నాడు.

“ఊఁ.”

“ఆరేళ్లు నాకు. అక్కని స్కూలు నించి తేవాలని బయల్దేరాం. అమ్మ నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టి తాళం వెయ్యడానికి వెళ్లింది. నేను ముందుకి పాకి డ్రైవరయ్యాను. బ్రేకు మీద బటన్ ఉంటుంది చూశారూ... రెండు చేతులూ పెట్టి నొక్కితే గానీ రాలేదు. బండి కదిలింది. వెనక్కి జారుతుంటే భయమేసి స్టీరింగ్ తిప్పేశాను. స్తంభానికి గుద్దుకుని ఆగింది. మళ్లీ పాక్కుంటూ వెనక సీట్లోకి వెళ్లి కూర్చున్నాను. అమ్మ పరిగెత్తుకొచ్చి ఏమైందంటే తెలీదన్నాను.”

“మరి ఎప్పుడూ చెప్పలేదా?”

“చెబ్దామనే అనుకున్నాను. సాయంత్రం నాన్న వచ్చి ఒక మాట అన్నాడు. ‘పిల్లాణ్ణి బండిలో పెట్టి బ్రేకు వెయ్యకుండా వెళ్లావంటే నిన్నేమనాలి?’ అని. ఇల్లంతా నిశ్శబ్దం అయిపోయింది. ఇక నోరు పెగల్లేదు. తర్వాత తర్వాత అదొక జోకైపోయింది. ఇప్పుడు చెప్పి ఏం లాభంలే అని...”

“మీ అమ్మగారు తాళం ఎన్నిసార్లు లాగుతారు?”

“నాలుగు. ఒక్కోసారి ఐదు. పడుకునే ముందు గ్యాసు కట్టేశానా అని మూడుసార్లు లేస్తుంది. అది అమ్మకి అలవా...”

మాట మధ్యలోనే ఆగిపోయింది. వాడు వీధి తలుపు వైపు చూశాడు. తాళం తడుస్తూ వేలాడుతోంది.

“అలవాటు ఎప్పట్నించి?” అంది మేస్త్రి, మెల్లగానే.

అమ్మ తాళం లాగడం చూసి వాడు ఎన్నిసార్లు నవ్వాడు! “తాళం ఊడి చేతికొస్తుందమ్మా” అని ఎన్నిసార్లు ఏడిపించాడు! అమ్మకి తన చేతుల మీద నమ్మకం పోయింది. పోగొట్టింది తను. వాడికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఏడవలేదు గానీ చెవులు మండిపోయాయి.

మేస్త్రి గ్లవ్ విప్పి సంచీలో పెట్టుకుంది. “నేను ఆ సొట్ట తీసేశాననుకోండి, ఇక అడిగేవాళ్లు ఉండరు, మీరూ చెప్పరు. ముందు ఆవిడకి చెప్పండి. అప్పుడు తీస్తాను.”

“సోమవారం రంగు వెయ్యాలండీ!”

“ఆదివారం ఉందిగా.”

ఆ వారమంతా నాన్న ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. “మేస్త్రిగారూ, ఆ మూల ఎందుకు వదిలేశారు?” అంటే “అక్కడ మీ అబ్బాయి పని కొంచెం ఉందండీ, అది కాగానే నాది” అందట. నాన్న చిన్నోణ్ణి పట్టుకుని, “ఏం పనిరా, గోకడమేగా, గోకి పారెయ్” అన్నాడు. వాడు ఊఁ అన్నాడు. అన్నం సయించలేదు. అమ్మ పక్కన మూడుసార్లు కూర్చుని మూడుసార్లూ వాతావరణం గురించి మాట్లాడి లేచొచ్చాడు.

ఆదివారం అందరూ షెడ్డులోనే ఉన్నారు. అమ్మ ఆఖరి కవర్ కుడుతోంది. మేస్త్రి సంచీ దించి, విప్పకుండా నిలబడింది. చిన్నోడు గరుకు కాగితం కింద పడేశాడు.

“అమ్మా, ఆ రోజు నువ్వు బ్రేకు వేశావు.”

“ఏ రోజు?” అంది అమ్మ తలెత్తకుండా.

“ఈ సొట్ట పడ్డ రోజు. నువ్వు వేశావమ్మా. తీసింది నేను. ముందు సీట్లోకి పాకి, బటన్ నొక్కి తీశాను. స్టీరింగ్ తిప్పింది కూడా నేనే. తర్వాత వెనక్కెళ్లి కూర్చుని తెలీదన్నాను.”

మిషన్ చక్రం కాస్త తిరిగి ఆగింది. అక్క చేతిలో వైరు అలాగే ఉండిపోయింది. అమ్మ లేచింది. నేరుగా బండి దగ్గరికొచ్చి డ్రైవర్ సీట్లో కూర్చుంది. ఇరవై నాలుగేళ్ల తర్వాత కూర్చుంది. హ్యాండ్‌బ్రేక్ పట్టుకుని పైకి లాగింది. కర్రుమంది.

“ఇలా వేశానా?”

“అలాగే వేశావమ్మా. చాలా గట్టిగా వేశావు. రెండు చేతులూ పెట్టి నొక్కితే గానీ నాకు రాలేదు.”

అమ్మ ఆ బ్రేకు మీదనించి చెయ్యి తియ్యలేదు. “నేనే మర్చిపోయాననుకున్నాను రా” అంది. “బాగా గుర్తుచేసుకునేదాన్ని. వేసినట్టే అనిపించేది. కానీ బండి కదిలింది కదా, అంటే వెయ్యలేదన్నమాటే కదా అని... నా చేతుల్తో నేనే నిన్ను చంపేసేదాన్నని ఎన్నిసార్లు కలొచ్చిందో తెలుసా నీకు?”

చిన్నోడు ఆవిడ కాళ్ల దగ్గర, నేల మీద కూలబడ్డాడు. అమ్మ మెళ్లోని కొలతల టేపు తీసి వాడి వీపు మీద ఒక్కటి ఇచ్చింది. తర్వాత వాడి తల పట్టుకుని ఏడ్చింది. వాడు తనకంటే గట్టిగా ఏడవడంతో, “ఛీ, ఊరుకో, అమ్మాయి చూస్తోంది” అంది.

నాన్న ఎక్కడ నిలబడాలో తెలియక చేతిలో స్పానర్ పట్టుకుని తిరుగుతున్నాడు. “మర్నాడు నేను బ్రేకు సరిచూశాను. బాగానే ఉంది. బాగానే ఉంది కాబట్టి నువ్వే వెయ్యలేదనుకున్నాను.”

“మీరు అనుకున్నారు. నేను నమ్మాను” అంది అమ్మ. “వచ్చినవాళ్లందరికీ కథలా చెప్పారు. ఇన్నేళ్లూ నేను నవ్వాను.”

“తప్పే. తప్పేనోయ్” అన్నాడు నాన్న. అంతకుముందు ఎప్పుడూ ఆయన ఆ మాట అనగా ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. అక్క మర్నాడు కూడా దాని గురించే మాట్లాడింది.

అమ్మ కళ్లు తుడుచుకుని బండి దిగింది. “అమ్మాయ్, ఆ సొట్ట తీసెయ్. నేను చెయ్యనిదానికి గుర్తు నాకెందుకు?”

“ఇప్పుడే తీస్తాను ఆంటీ” అంది మేస్త్రి, సంచీ విప్పుతూ.

అమ్మానాన్నలు, అక్క ఇంట్లోకి వెళ్లారు. చిన్నోడు అలవాటుగా ఇనపదిమ్మ పట్టుకుని రేకు వెనకకి చేరాడు. గంటన్నర పట్టింది. చివరికి మేస్త్రి సుత్తి పక్కన పెట్టి, తన గ్లవ్ తీసి వాడికిచ్చింది.

“కళ్లు మూసుకోండి. చెయ్యి పెట్టి చూడండి.”

వాడు కళ్లు మూసుకున్నాడు. గ్లవ్ ఇంకా వెచ్చగా ఉంది. రేకు మీద చెయ్యి జారింది, ఎక్కడా ఆగలేదు. మణికట్టు మీద ఆమె వేళ్లు పడి చెయ్యిని కొంచెం ఎడమకి నడిపించాయి.

“ఏమైనా తగుల్తోందా?”

“తగలట్లేదు” అన్నాడు. కళ్లు తెరవకుండానే అన్నాడు, తెరిస్తే ధైర్యం చాలదని. “బండి అయిపోయింది. వచ్చే ఆదివారం నించి మీరు రారు. నాకు మీరంటే ఇష్టం. మొదటి రోజే ఇష్టం. నోరు ముయ్యమన్నారు కదా, అప్పట్నించి.”

ఆమె వేళ్లు వాడి మణికట్టు మీదే ఉన్నాయి.

“ఆరు ఆదివారాలు పట్టింది” అంది మేస్త్రి. “పర్లేదు, ఇరవై నాలుగేళ్లతో పోలిస్తే బాగా మెరుగుపడ్డారు.”

వాడు కళ్లు తెరిచాడు. ఆమె నవ్వుతోంది గానీ కళ్లు తడిగా ఉన్నాయి.

“ఇంకేమైనా దాచారా?”

“ఏం లేదు. ఒట్టు. కావాలంటే చెవులు చూసుకోండి.”

“చూశాను. మామూలుగానే ఉన్నాయి.” సుత్తులు ఒక్కోటి సంచీలో సర్దుతూ అంది, “మా నాన్నని అడగాలి. మీవాళ్లందరూ రండి. కానీ ఈ బండిలోనే రావాలి, ఆంటీ నడుపుకుంటూ రావాలి. లేకపోతే మా గేటు తియ్యను.”

“అమ్మ నడిపి...”

“నేర్చుకుంటారు. చేతులు బాగానే పనిచేస్తాయని ఇవాళేగా తెలిసింది. నువ్వు కంగారుపడకు.”

మీరు పోయి నువ్వు వచ్చిన సంగతి వాడికి ఆ సాయంత్రం గానీ తట్టలేదు. తట్టాక చాలాసేపు అద్దంలో చెవులు చూసుకున్నాడు.

అమ్మ చిన్నోడితో మూడు రోజులు మాట్లాడలేదు. ఒకే గదిలో ఉండి, “వాణ్ణి అన్నం తినమను” అని అక్కకి ఫోన్ చేసి చెప్పేది. నాన్నతో పది రోజులు మాట్లాడలేదు. పదకొండో రోజు ఆయన తాళంచెవి పళ్లెంలో పెట్టి తెచ్చి, “నేర్పుతాను, వస్తావా?” అన్నాడు. “మీరొద్దు, మీరు అరుస్తారు. నా కూతురు నేర్పుతుంది” అని తాళంచెవి మాత్రం తీసుకుంది. రంగు వేశారు, ఆరింది. అక్క రెండు వారాలు ఖాళీ మైదానంలో అమ్మ పక్కన కూర్చుంది. రెండో వారం చివర అమ్మ వీధి వాలు మీద బండి ఆపి, బ్రేకు వేసి, దిగి, రోడ్డవతల నిలబడి ఐదు నిమిషాలు దాన్నే చూసింది. బండి కదల్లేదు. “చూశారా” అంది నాన్నతో. ఆయన చూశానన్నాడు.

వెళ్లాల్సిన రోజు మేస్త్రి దారి చూపించే వంకతో స్కూటర్ మీద వచ్చింది. కొత్త రంగు బండి వాకిట్లో వాలు మీద నిలబడి ఉంది. నాన్న ముందు సీట్లో, అక్క మధ్యలో కూర్చున్నారు. చిన్నోణ్ణి మూడో వరసకి తోలేశారు.

“అక్కడే కూర్చో. ముందుకి పాకావంటే చూడు” అంది అమ్మ.

హ్యాండ్‌బ్రేక్ కర్రున లాగి, అమ్మ తాళం వెయ్యడానికి వెళ్లింది. బండిలో అందరూ అటే చూశారు. అక్క కూడా కిటికీలోంచి తల తిప్పి చూసింది. అమ్మ తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవి తీసింది. అక్కడ ఒక్క క్షణం నిలబడింది. చెయ్యి తాళం దాకా వెళ్లింది.

అంతే, చెయ్యి దించేసింది. మెట్లు దిగి గబగబా వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చుంది.

నాన్న నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు.

“ఏంటి?” అంది అమ్మ.

“ఏం లేదు. పద” అన్నాడు నాన్న.

బండి కదిలింది. నెమ్మదిగా వాలు ఎక్కింది, పక్కింటి స్తంభం బాగా వెనక ఉండిపోయింది. వెనక్కి తిరిగి కూర్చున్న చిన్నోడికి వీధంతా కనబడుతోంది. వాడికి ఎదురుగా స్కూటర్ మీద మేస్త్రి. దారి చూపిస్తానని వచ్చిన మనిషి బండి వెనకే వస్తోంది, వాడి మొహంలోకే చూస్తూ. ఆమె వెనక, దూరమవుతూ, ఇల్లు. తలుపు మీద తాళం.

ఆమె కూడా ఒకసారి వెనక్కి తిరిగి తాళం వైపు చూసింది. మళ్లీ వాడి వైపు తిరిగి ఒక వేలు ఎత్తి చూపించింది, ఒక్కసారి వేశారంతే అన్నట్టు.

చిన్నోడు తలూపాడు. వీధి చివర బండి మలుపు తిరిగింది, అమ్మ వెనక్కి రాలేదు.